చెరువుల్లో కాలనీవాళ్ల శ్రమదానం: మేలు చేస్తోందా, అసలు సమస్యను కప్పేస్తోందా?

చెరువుకట్ట (చర్చ మొదలుపెట్టినవారు)

ఎండాకాలం వస్తే హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల దగ్గర ఆదివారం పొద్దున కాలనీవాళ్లు గుర్రపుడెక్క లాగుతూ కనిపిస్తారు. వాళ్ల చిత్తశుద్ధి మీద నాకు అనుమానం లేదు. కానీ మురుగు ఆగకుండా డెక్క తీస్తే చెరువుకు ఒరిగేదేమీ లేదన్నది నా వాదన. పైగా నీళ్లు కాస్త తేటగా కనబడగానే జలమండలి (నగర నీటి సరఫరా, మురుగు బోర్డు) మీదా మున్సిపాలిటీ మీదా ఉన్న ఒత్తిడి కూడా పోతుంది.

లెక్క చూడండి. 20 ఎకరాల చెరువు, సగటు లోతు మీటరున్నర అనుకుందాం. నిండితే దాదాపు 12 కోట్ల లీటర్లు. పైన వెయ్యి ఇళ్లు, ఇంటికి నలుగురు. మనిషికి రోజుకు 135 లీటర్ల సరఫరా ప్రమాణం, అందులో 80 శాతం మురుగుగా బయటికొస్తుంది. అంటే రోజుకు 4.32 లక్షల లీటర్లు. తొమ్మిది నెలల్లో చెరువంత మురుగు చెరువులోకి చేరుతుంది. మనిషి ద్వారా రోజుకు సుమారు 10 గ్రాముల నత్రజని మురుగులో కలుస్తుంది కాబట్టి నాలుగు వేల మందికి 40 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. రోజూ రెండు బస్తాల యూరియా చెరువులో పోస్తూ, పెరిగిన కలుపును వారానికోసారి చేత్తో పీకితే ఎప్పటికి తెగుతుంది?

రాధిక_జలజీవం

మీ లెక్క తప్పని అనను, ముగింపుతో మాత్రం ఏకీభవించలేను. మురుగు మళ్లించే పని పైపులైను, టెండరు, నిధులు అంటూ ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా చెరువు నిండా డెక్క పరుచుకుంటే కింద నీటికి వెలుతురు అందదు, గాలి తగలదు. మాన్సోనియా దోమ పిల్లలు డెక్క వేళ్లకే అతుక్కుని అక్కడే ఊపిరి పీలుస్తాయి. డెక్క ఉన్నంతకాలం ఆ దోమ మీద నీళ్లపై చల్లే నూనె మందులు పనిచేయవు. క్యూలెక్స్ సంగతి సరేసరి, మురుగునీళ్లే దానికి ఇల్లు. ఒడ్డున ఉండేవాళ్లను ఇవన్నీ అయిదేళ్లు భరించమనడం న్యాయం కాదు.

ఎక్కువ చోట్ల దెబ్బతింటున్నది తీసే పద్ధతిలో. పూత రాకముందే తీయాలి. పూస్తే విత్తనాలు బురదలోకి దిగి పదిహేనేళ్లయినా మొలకెత్తే శక్తితో ఉంటాయి. గాలి తోసిన వైపు డెక్క గుట్టపడుతుంది కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెట్టాలి. తీసిన డెక్కను కట్ట వాలు మీద పడేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు: దాని రసం తిరిగి నీళ్లలోకే కారుతుంది, మొదటి వానకు సగం డెక్క కూడా కిందికి జారుతుంది. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) దాటించి పోసి, నాలుగైదు రోజులు ఎండనిచ్చి, ముక్కలు కొట్టి పేడతో పొరలు పొరలుగా వేస్తే ఎరువవుతుంది. అయితే పైన ఫ్యాక్టరీల నాలా కలిసే చెరువైతే ఆ ఎరువు కూరగాయల మడుల్లో వేయకూడదు. డెక్క వేళ్లు సీసం, కాడ్మియం లాంటివి బాగా పీలుస్తాయి.

గ్లైఫోసేట్ కలుపుమందు కొట్టేద్దాం అనేవాళ్లు ప్రతి చోటా ఒకరుంటారు. వినకండి. చచ్చిన డెక్క అక్కడే మునిగి కుళ్లుతుంది, ఆ కుళ్లుకే నీళ్లలో ఉన్న ఆక్సిజన్ అంతా ఖర్చయి చేపలు చస్తాయి.

నీటిలెక్క

రాధిక గారూ, డెక్క తీస్తే దాంతోపాటు నత్రజని కూడా బయటికి పోతుందని కొందరు చెబుతుంటారు. నిజమే, అయితే ఎంత? తడి డెక్కలో దాదాపు 95 శాతం నీళ్లే. టన్ను తీస్తే పొడి సరుకు 50 కిలోలు, అందులో నత్రజని కిలో, కిలోంబావు. చెరువుకట్ట గారు చెప్పిన 40 కిలోలకు సరితూగాలంటే రోజూ 30 టన్నులకు పైగా తీయాలి.

మనుషుల బలం కూడా చూద్దాం. దట్టంగా కమ్ముకుంటే ఎకరాకు వంద టన్నులు తేలిగ్గా ఉంటుంది, 20 ఎకరాలకు రెండు వేల టన్నులు. అలవాటు లేని మనిషి మూడు గంటల్లో రెండు మూడు క్వింటాళ్లు ఒడ్డుకు చేర్చాడంటే గొప్ప. యాభై మంది వస్తే 10 నుంచి 15 టన్నులు. వంద ఆదివారాలు దాటినా పూర్తికాదు. ఈలోగా పోషకాలున్న నీళ్లలో డెక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది. అయిదు శాతం మిగిల్చినా రెండు నెలల్లో చెరువు మళ్లీ నిండుతుంది.

కాబట్టి చెరువంతా కమ్మేస్తే అది యంత్రం పని, మున్సిపాలిటీ పని. కాలనీవాళ్ల చేతులు పనికొచ్చేది ఆ తర్వాత, మిగిలిన అయిదు శాతాన్ని మళ్లీ పెరగనీయకుండా కాయడానికి. ఇక్కడే అందరూ జారిపోతారు. యంత్రం వెళ్లిన రోజు ఫొటోలు దిగి, మళ్లీ డెక్క కళ్లకు కనబడేదాకా ఎవరూ అటు రారు.

వలకట్టు

చేపల సంగతి ఎవరూ ఎత్తలేదు. చాలా చెరువుల్లో చేపలు పట్టే హక్కు మత్స్య సహకార సంఘానికి ఉంటది. బొచ్చె, రవ్వ, ఎర్రమోసు పిల్లలు పోసి ఆ పంట మీద బతికే కుటుంబాలు వాళ్లవి. కాలనీ సంఘాలు వాళ్లను ఒక్క మాట అడగకుండా తేదీ పెట్టుకుంటయి.

ఏప్రిల్, మే నెలల్లో డెక్క అంతా ఒక్కసారే తీసేస్తే ఏమైతదో చెప్తా. నీళ్ల నిండా మురుగు సత్తువ, పైన ఎండ. వారం పది రోజుల్లో నీళ్లు చిక్కటి ఆకుపచ్చగ మారతయి. ఆ నాచు పగలు ఆక్సిజన్ ఇస్తది, రాత్రంతా తనే తీసుకుంటది. తెల్లారగట్ల చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తయి. ఇంకో రెండు గంటలకు వెల్లకిలా పడతయి. పొద్దున తొమ్మిదింటికి నీళ్లు పరీక్ష చేసినోళ్లు మాత్రం ఆక్సిజన్ బాగనే ఉంది, ఎవరో విషం కలిపిండ్రు అంటరు.

అందుకని విడతలుగ తీయాలె. నాలా కలిసే మూల దగ్గర పదో వంతు డెక్కను తేలే కంచె కట్టి ఉంచాలె. ఖాళీ 20 లీటర్ల నీళ్ల డబ్బాలు, మూతలు బిగించి, రెండు గజాలకు ఒకటి చొప్పున నైలాన్ తాడుకు కట్టి, కింద అర మీటరు పాత వల వేలాడదీస్తే చాలు. తాడు బిర్రుగ కట్టొద్దు, నీళ్లు పెరిగితే డబ్బాలు మునిగి డెక్క పైనుంచి దాటిపోతది.

వినాయక నిమజ్జనమైన చెరువుల్లో ఒట్టి కాళ్లతో దిగొద్దు. విగ్రహాల ఇనుప చువ్వలు బురదల నిలబడి ఉంటయి. ఒంటి మీద పుండు ఉన్నోళ్లు మురుగుల దిగనే దిగొద్దు, ఎలుక జ్వరం వస్తది.

శిఖంభూమి

మీరంతా నీళ్ల దగ్గరే ఆగిపోయారు. శ్రమదానం వల్ల జరిగే అసలు నష్టం ఒడ్డున ఉంది. డెక్క తీశాక తర్వాతి కోరిక ఏమిటి? వాకింగ్ ట్రాక్. దానికోసం రింగ్ బండ్, అంటే చెరువు చుట్టూ మట్టికట్ట. అది ఎక్కడ వేస్తారు? మే నెలలో నీళ్లు ఎక్కడున్నాయో అక్కడ. ఎఫ్‌టీఎల్ దానికి చాలా అవతల ఉంటుంది. దాంతో శిఖం భూమిలో (చెరువు నీళ్లు నిలిచే భూమిలో) పెద్ద ముక్క బండ్‌కు బయట పడిపోతుంది. ఏడాది తిరక్కుండా అక్కడ ప్లాట్ల రాళ్లు లేస్తాయి. మంచి మనసుతో వేసిన ట్రాకే కబ్జాదారుకు హద్దు గీసి ఇస్తుంది. పైనుంచి వచ్చే వాన నీటికి కూడా ఆ బండ్ అడ్డమే. మెదక్, వరంగల్‌లోనే కాదు, హైదరాబాద్ చెరువులు కూడా గొలుసుకట్టువే. ఒకదాని మత్తడి (చెరువు నిండాక నీళ్లు పొర్లే చోటు) దుంకితే నీళ్లు కింది చెరువుకు పోవాలి. ఆ దారి మూసుకుపోతే ఏమవుతుందో 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు పాతబస్తీ దిగువ కాలనీలు చూశాయి.

గడ్డి పీకడానికి ముందు చేయాల్సినవి ఇవి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో మీ చెరువు ఐడీ, సర్వే నంబర్లతో ఉన్న మ్యాపు తీసుకోండి. ఎఫ్‌టీఎల్ హద్దు మీద ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఆగిందా, తుది నోటిఫికేషన్ వచ్చిందా చూడండి. ప్రాథమికం అయితే మీ అభ్యంతరాలకు ఇంకా చోటుంది. ఊరి నక్షాతో (రెవెన్యూ మ్యాపుతో) సర్వే నంబర్లు పోల్చండి. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు బఫర్ (కట్టడాలు కట్టకూడని జాగా), అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు. ఇక్కడ ఉదాహరణగా చెప్పిన 20 ఎకరాల చెరువు 10 హెక్టార్లలోపే కాబట్టి 9 మీటర్లే వర్తిస్తుంది. చాలామంది 30 అని ఫిర్యాదు రాసి, అదొక్క తప్పుతో కాగితం తిప్పి పంపించుకుంటారు.

సెప్టెంబరు, అక్టోబరుల్లో మత్తడి పారుతున్న రోజే నీళ్ల అంచు వెంట నడిచి, ఫోన్‌లో లొకేషన్ నమోదయ్యేలా ఫొటోలు తీయండి. ఆ రోజు నీళ్లున్న చోటే దాదాపుగా ఎఫ్‌టీఎల్. ఎండాకాలం ఫొటో దేనికీ అక్కరకు రాదు.

సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. 'ఎందుకు చర్య తీసుకోలేదు' అని అడగకండి, అది సమాచారం కిందికి రాదంటారు. 'ఫలానా సర్వే నంబరుకు ఇచ్చిన నిర్మాణ అనుమతి నకలు, నీటిపారుదల శాఖ నిరభ్యంతర పత్రం నకలు' అని అడగండి. అది లేదని రాతపూర్వకంగా వచ్చినా మీకు సాక్ష్యమే. జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లాలంటే మనకు చెన్నై బెంచ్. పరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలు. ట్రైబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద గడువు ఆరు నెలలే, కారణం చూపితే ఇంకో 60 రోజులు. వినతిపత్రాలు ఇచ్చుకుంటూ కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది. 2024లో హైడ్రా (చెరువుల కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చాక ఫిర్యాదు చేయడం సులువైంది, అంబర్‌పేట బతుకమ్మ కుంటలో మళ్లీ నీళ్లు నిలిచాయి. అయినా చేతిలో సర్వే నంబరు, ఫొటో లేకుండా ఏ దఫ్తరుకు వెళ్లినా పని జరగదు.

జక్కూరు_తెలుగు

బెంగళూరు నుంచి ఒక మాట. ఇక్కడ జక్కూరు చెరువులోకి వచ్చే మురుగు ముందు ఎస్‌టీపీకి (మురుగు శుద్ధి కేంద్రానికి) వెళ్తుంది. అందులోంచి వచ్చిన నీళ్లు జమ్ము, గడ్డి పెంచిన చిత్తడి నేలలోంచి నెమ్మదిగా పారి, చివరికి చెరువులో చేరతాయి. శుద్ధి చేసిన నీటిలో కూడా నత్రజని, భాస్వరం మిగులుతాయి, వాటిలో కొంత ఆ చిత్తడి పట్టుకుంటుంది. కాలనీవాళ్ల పని అక్కడ ఉంది: ముదిరిన జమ్మును ఎప్పటికప్పుడు కోయించడం, వరద ఒకే కాలువగా కోసుకుపోకుండా చూడటం. కోయకపోతే ఆ మొక్కే చచ్చి, తాను పీల్చిందంతా తిరిగి నీళ్లకే ఇచ్చేస్తుంది. అంటే ఎస్‌టీపీ, చిత్తడి, మనుషులు మూడూ కావాలి. రెండు పెట్టుకుని మూడోది వదిలేస్తే కుదరదు.

మన హైదరాబాద్‌లో నెక్నాంపూర్ చెరువులో 2018లో తేలే మొక్కల దీవి వదిలారు. అడుగున వెదురు, థర్మోకోల్, పైన గోనెపట్టా, కంకర, అందులో వట్టివేళ్లు, మెట్టతామర, జమ్ము. వేళ్లు నీళ్లలోకి దిగి, వాటి మీద పెరిగే సూక్ష్మజీవులు మురుగును తింటాయి. మంచి ప్రయత్నం. ఇదొక్కటి వేసేస్తే చాలనుకుని మిగతా చెరువుల్లో మంచమంత దీవులు వదులుతున్నవాళ్లకు మాత్రం చెప్పాలి, చెరువు విస్తీర్ణంతో పోల్చుకోండి. పది చదరపు మీటర్ల దీవి 20 ఎకరాల్లో ఏ మూలకు?

చెరువుకట్ట

శిఖంభూమి గారి రింగ్ బండ్ మాట ఇప్పటిదాకా వచ్చిన వాటన్నిటిలో బరువైనది. వలకట్టు అన్న చెప్పిన తేలే కంచె కూడా ఒప్పుకుంటాను. అయినా నా మొదటి మాట అక్కడే ఉంది: ఆదివారం మూడు గంటలు ఉంటే వాటిని డెక్క మీద కాదు, నాలా మీద పెట్టండి.

మార్చి, ఏప్రిల్‌లలో వాన ఉండదు. అప్పుడు వరద కాలువలో ఏ చుక్క పారినా అది మురుగే. చెరువు నుంచి పైకి నడుస్తూ వెళ్లండి. పైపు కలిసే ప్రతి చోటా 20 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. నాలుగు సెకన్లయితే సెకనుకు అయిదు లీటర్లు, రోజుకు 4.32 లక్షల లీటర్లు, అంటే అచ్చంగా వెయ్యి ఇళ్ల మురుగు. ఒక్క పూట కొలిస్తే మోసపోతారు: పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా విపరీతంగా పారుతుంది, రాత్రి రెండింటికి సన్నగిల్లుతుంది. రాత్రి రెండింటికి కూడా అదే జోరు ఉందంటే అది ఇళ్లది కాదు, ఏదో ఫ్యాక్టరీదో పగిలిన మెయిన్ పైపుదో. జలమండలి ఇంజినీరు ముందు 'కంపు కొడుతోంది సార్' అంటే వినడు. 'ఫలానా కల్వర్టు కింద, ఎడమ వైపు పైపు, సెకనుకు అయిదు లీటర్లు' అంటే పక్కకు పెట్టడం అతనికి కష్టం.

రాధిక_జలజీవం

బకెట్ కొలత నాకు నచ్చింది. దానికి నీటి పరీక్ష కూడా జత చేయండి. కరిగిన ఆక్సిజన్ సూర్యోదయానికి ముందే చూడాలి, వలకట్టు గారు చెప్పిన కారణానికే. సీసాను నీళ్లలో ముంచి లోపలే మూత పెట్టాలి, ఒక్క బుడగ ఉన్నా అంకె తప్పుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చేపలకు గండం.

కానీ చెరువుకట్ట గారూ, మీరు మనుషుల లెక్క వేయడం లేదు. తెల్లవారుజామున నాలా వెంట బకెట్ పట్టుకుని నడవడానికి ముగ్గురొస్తారు. డెక్క లాగుదాం రమ్మంటే పిల్లలతో సహా యాభై మంది వస్తారు. అలా వచ్చినవాళ్లలోంచే ఆ ముగ్గురు దొరుకుతారు. ఒంటరిగా సర్వే నంబర్ల కోసం దరఖాస్తు పెట్టిన మనిషికి బెదిరింపులొస్తాయి. యాభై సంతకాలు, యాభై ఫొటోలు ఉన్న సంఘాన్ని బెదిరించడానికి కాస్త జంకుతారు. శ్రమదానం వల్ల నీళ్లు బాగుపడకపోవచ్చు, నీళ్లకోసం నిలబడే జనం అక్కడే తయారవుతారు. అందుకే అది వద్దనే మాట నేను ఒప్పుకోను.

నీటిలెక్క

తూము (కట్ట అడుగున నీళ్లు వదిలే తలుపు దారి) మాట మిగిలింది. ఆయకట్టు పోయాక తూములు తుప్పు పట్టి మూసుకుపోయాయి, చెరువు అడుగు నీరు ఏళ్ల తరబడి కదలడం లేదు. తూము బాగుచేయించి తొలి వరదలో అడుగు నీటిని వదిలితే కుళ్లు కొంత పోతుంది. కాలనీలు దీనికి అడ్డుపడుతున్నాయి, నీళ్లు తగ్గితే చూడ్డానికి బాగోదని.

వలకట్టు

తూము తెరవాలె, కాకపోతే ఇష్టమొచ్చినట్టు కాదు. మట్టికట్ట నీళ్లు పీల్చుకుని బరువుగ ఉంటది. ఒక్కసారి నీళ్లు దించితే లోపలి వాలుకు ఆసరా పోయి కట్ట జారతది. రోజుకు కొంచెం కొంచెం దించాలె. దిగువ కాలువల ఇళ్లు లేసినయా, పశువులు ఆ నీళ్లు తాగుతయా చూసుకోవాలె. నీటిపారుదల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) రాసిచ్చి, ఆయన మనిషి ఉన్నప్పుడే తలుపు ఎత్తాలె. చేప పిల్లలు పోసే ముందే ఇదంతా అయిపోవాలె, పోసినంక తెరిస్తే పిల్లలన్నీ తూముల పడి పోతయి. ఈ మధ్య తూము బాగుచేసిన చెరువు మీ దగ్గర ఏదన్నా ఉంటే, తలుపు ఏ రకం పెట్టిండ్రో, స్క్రూ గేటా ప్లగ్గా, ఇక్కడ రాయుండ్రి.