నాకు మూడు హెచ్‌పీవీ రకాలు, అక్కకి ఒక్కటే. ఎవరు భయపడాలి?

నిద్రపట్టని చెల్లెలు:
నాకు 36 ఏళ్లు. మొన్న హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్) పరీక్ష రిపోర్టులో మూడు రకాలకి ప్లస్ గుర్తులు వచ్చాయి: 42, 52, 66. పాప్ స్మియర్ (అక్కడి కణాలు తీసి చూసే పరీక్ష) మాత్రం నార్మల్. నాతోపాటే చేయించుకున్న అక్కకి ఒకే ఒక్క ప్లస్, 16. ఆమెని కాల్పోస్కోపీకి (గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చూసే పరీక్ష) రమ్మన్నారు. "నాకు ఒకటేగా, తర్వాత చూద్దాంలే, నీ సంగతి చూసుకో ముందు" అంటోంది. మూడు రకాలుంటే క్యాన్సర్ ప్రమాదం మూడింతలా? రెండు రాత్రుల నుంచి టెన్షన్‌తో నిద్ర లేదు.

వెన్నెల:
నాకూ రెండు వచ్చాయండి. ఏడాదిన్నర తర్వాత మళ్లీ చేయిస్తే ఒక్కటీ లేదు. మందులేమీ వాడలేదు.

స్లైడ్ల మనిషి:
పద్నాలుగేళ్లుగా ల్యాబ్‌లో ఈ స్మియర్లే చూస్తున్నాను. అమ్మా, ముందు మీ అక్కని కాల్పోస్కోపీకి పంపండి.

రిపోర్టు చేతికొస్తే ప్లస్‌లు ఎన్నో నేను చివర్లో చూస్తాను. నా కళ్లు ముందు వెతికేది 16, 18 అనే అంకెల్ని. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతం ఈ రెండింటి వల్లే వస్తాయి, అందులోనూ 16ది పెద్ద వాటా. అందుకే 16 ఉంటే, స్మియర్ నార్మల్‌గా ఉన్నా కాల్పోస్కోపీకి పిలుస్తారు.

మీ మూడింటి సంగతి. 42 ఈ క్యాన్సర్ తెచ్చే రకం కాదు, దాన్ని పక్కన పెట్టేయండి. 66ని 'కారణం కావచ్చు' అన్న వరుసలోనే ఉంచారు. మిగిలింది 52. అది హై రిస్క్ రకమే, కానీ 16 అంత ప్రమాదకరమైనది కాదు. అంటే మీ మూడులో గట్టిగా కన్నేసి ఉంచాల్సింది ఒక్కటే.

ఇంకో సంగతి నాకు భలే నచ్చుతుంది. రెండు మూడు రకాలున్న ఆడవాళ్ల బయాప్సీ ముక్కల్లోంచి, పాడైన చోటి కణాలను మాత్రం లేజర్‌తో కత్తిరించి తీసి విడిగా పరీక్షించారు. చాలావరకు ఒక్కో మచ్చలో ఒకే రకం వైరస్ దొరికింది. పక్కపక్కనే రెండు మచ్చలుంటే, దేని వైరస్ దానిదే. అన్నీ కలిసి ఒకే కణం మీద పడతాయన్న మన ఊహకి అది సరిపోదు.

పద్మజ:
మా డాక్టరు మాత్రం ఎక్కువ రకాలుంటే రిస్క్ ఎక్కువే అన్నారు మరి?

స్లైడ్ల మనిషి:
పద్మజ గారూ, ఆయన ఊరికే అనలేదు. కొన్ని అధ్యయనాల్లో అలాగే తేలింది, కొన్నింట్లో తేడా కనబడలేదు. నా మట్టుకు నాకు అర్థమైంది ఇది: హై రిస్క్ రకాలు రెండుంటే రెండింటి రిస్కూ ఉంటుంది కాబట్టి మొత్తం కొంత పెరగొచ్చు, అంతేగాని అవి చేతులు కలిపి రిస్క్‌ని గుణించేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. పైగా రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో, ముఖ్యంగా హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో, ఎక్కువ రకాలు కనిపిస్తాయి. వాళ్లకి వైరస్ త్వరగా వదలదు. అసలు పేచీ అక్కడ ఉంది. మామూలుగా చాలా ఇన్ఫెక్షన్లు రెండేళ్లలోపు వాటంతటవే పోతాయి. పోకుండా తిష్ఠ వేసినదే మెల్లగా కణాలను చెడగొడుతుంది. అది క్యాన్సర్ దాకా రావడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. సిగరెట్ అలవాటుంటే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది.

కాబట్టి చెల్లెమ్మా, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో ఆ తేదీ తప్పించకండి. అప్పుడు కూడా 52 ఉందా అన్నదే చూడండి. దాని చోట కొత్త అంకె వస్తే అది వేరే లెక్క.

పేరు వద్దు:
మూడు రకాలంటే మా ఆయన మీద అనుమానపడాలా అని నేను అప్పట్లో ఏడ్చాను. వైరస్ ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదట. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఈ పరీక్ష చెప్పలేదు. ఆ గొడవ పెట్టుకోకండి.

నిద్రపట్టని చెల్లెలు:
అందరికీ థాంక్స్. ఇదంతా అక్కకి ఫోన్‌లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వెనిగర్ లాంటిది పూసి చూస్తారట, మంట పుడుతుందా?" అని అడిగింది. కొంచెం చురుక్కుమంటుందట అన్నాను. ఈ వారం పీరియడ్స్ ఉన్నాయట, వచ్చే గురువారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. వెంట నేనే వెళ్తున్నా.