ఒమాహాలో కాలేజ్ వరల్డ్ సిరీస్: ఏ రోజుకి టికెట్లు తీసుకోవాలి?

నమస్కారమండి. జూన్‌లో అమ్మానాన్న మా దగ్గరికి, కాన్సస్ సిటీకి వస్తున్నారు. క్రికెట్ పిచ్చి ఉన్న నాన్నకి కాలేజ్ బేస్‌బాల్ చూపిద్దామని ప్లాన్. కాలేజ్ వరల్డ్ సిరీస్ అంటే అమెరికా కాలేజీ బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ చివరి దశ: 64 జట్లలో 8 ఒమాహా (నెబ్రాస్కా రాష్ట్రంలోని నగరం) చేరతాయి, అక్కడ రెండు ఓడితే ఇంటికే. ఫైనల్ మాత్రం మూడింట రెండు గెలవాలి. 2023లో ఫ్లోరిడా రెండో మ్యాచ్ 24-4తో గెలిచి, మర్నాడే ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) చేతిలో 18-4తో చిత్తయింది! (నెట్ రన్‌రేట్ లెక్కలేసే నాన్న దీన్ని ఒప్పుకుంటారా అన్నది వేరే సంగతి.)

ఫైనల్ మూడో మ్యాచ్ దాకా వెళ్లకపోతే ఆ టికెట్ డబ్బులు వెనక్కిస్తారా? లేక మొదటి రోజుల మ్యాచ్‌లే నయమా? అవుట్‌ఫీల్డ్ జనరల్ సీట్లలో మధ్యాహ్నం నీడ ఉంటుందా? నాన్నకి ఎండ అస్సలు పడదు. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.