డ్రాగన్ల కథలు: ఏ భాగంతో మొదలుపెట్టాలి?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)
మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. కథలో రాకుమారిని రాక్షసుడు ఎత్తుకుపోగానే "ఆమెకు కత్తి తిప్పడం రాదా?" అని అడ్డు తగులుతుంది. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు చూస్తుంటే ప్యాట్రీషియా రీడీ రాసిన 'టాకింగ్ టు డ్రాగన్స్' దొరికింది. వరుసలో నాలుగోదట, కానీ మొదట వెలువడింది 1985లో; మొదటి భాగమేమో 1990లో! ఏది ముందు చదవాలి? రాత్రిపూట నేనే చదివి తెలుగులో చెప్పాలి.

జవాబు (విజయవాడ, సత్యనారాయణపురం)
చేతిలో ఉన్నదాన్ని కొన్నాళ్లు దాచిపెట్టండి. రచయిత్రి ముందు రాసింది దాన్నే. తర్వాత వెనక్కి వెళ్లి, అంతకుముందు జరిగిన కథను మూడు పుస్తకాల్లో చెప్పారు. అందులోని డేస్టార్, రాకుమారి సిమొరీన్ కొడుకు. ముందు అతని కథ వింటే తల్లి ఎవరిని పెళ్లాడిందో తెలిసిపోతుంది.

'డీలింగ్ విత్ డ్రాగన్స్'తో మొదలుపెట్టండి. మీ అమ్మాయి అడిగిన కత్తి మొదటి అధ్యాయంలోనే ఉంది. సిమొరీన్ కత్తిసాము, మంత్రవిద్య, లాటిన్, వంట ఒకదాని తర్వాత ఒకటి నేర్చుకుంటుంది. తెలిసిన ప్రతిసారీ తండ్రి మాన్పించేస్తాడు. పెళ్లి కుదిర్చేసరికి ఇల్లు వదిలి, తనంతట తానే డ్రాగన్ల దగ్గర కొలువు అడుగుతుంది. కజూల్ అనే ఆడ డ్రాగన్ ఆమెను తీసుకుంటుంది. వండిపెట్టాలి, గుహలోని నిధినీ పుస్తకాలనూ సర్దాలి. 'విడిపిస్తాం' అంటూ వచ్చే వీరులకు నచ్చజెప్పి వెనక్కి పంపడం ఆమెకు అదనపు పని! ఈ భాగాన్ని తొందరగా దాటించకండి. మా మేడ మీద పిల్లలకు చెబితే ఒక్కో వీరుడితో ఏమన్నదో మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. నిమ్మరసం కలిపిన సబ్బునీళ్లు పోస్తే మాంత్రికులు కరిగిపోయే చోటైతే ఇక చెప్పనక్కర్లేదు.

జవాబు (మంగళగిరి)
నాకు మాత్రం రాసిన వరుసే సరైనదనిపిస్తుంది. డేస్టార్‌కు తల్లి గతం ఏమీ తెలియదు. మనమూ ఏమీ తెలియకుండా అతనితో మాయారణ్యంలోకి అడుగుపెడితే ఆ ఉత్కంఠే వేరు. మగపిల్లలూ వింటారు.

జవాబు (విజయవాడ, సత్యనారాయణపురం)
పెద్దవాళ్లకైతే మీరన్నది నిజమేనండీ. కానీ ఈ పాప అడిగింది రాకుమారి గురించి. నాలుగో భాగంలో సిమొరీన్ మొదట్లోనే కొడుకు చేతికి కత్తి ఇచ్చి అడవికి పంపేస్తుంది, ఆ తర్వాత చాలాసేపు కనిపించదు. మగపిల్లల కోసమైతే రెండోది, 'సెర్చింగ్ ఫర్ డ్రాగన్స్' ఉంది. అది మాయారణ్యపు రాజు మెండన్‌బార్ వైపు నుంచి నడుస్తుంది. సభా మర్యాదలంటే విసుగెత్తిన రాజు.