అన్న కువైట్‌లో ఉన్నాడు, యుద్ధం వార్తల్లో దేన్ని నమ్మాల?

మాది కడప. అన్న కువైట్‌లో డ్రైవరు. 2025 జూన్ 23న ఖతార్‌లోని అల్ ఉదెయిద్ అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసిన రాత్రి, మా టీవీలో గల్ఫ్ మొత్తం తగలబడుతున్నట్టే సైరన్ మోత. అమ్మ అన్నం ముట్టలేదు. ఫోన్ చేస్తే అన్న, "విమానాలు కాసేపు ఆపినారంతే, పండుకోండి" అన్నాడు.

రాయిటర్స్, ఏపీ, ఏఎఫ్‌పీ అనే వార్తా ఏజెన్సీలు ఇచ్చే కబుర్లే చాలా ఛానెళ్లు వాడుకుంటాయని తెలుసు. అల్ జజీరా ఛానెల్‌కు డబ్బిచ్చేది ఖతార్ ప్రభుత్వం; మరి దాడి ఖతార్ మీదే జరిగితే? ఇంక వాట్సాప్ సంగతి సరేసరి, ఆర్మా 3 గేమ్ బొమ్మల్ని కూడా యుద్ధమని తిప్పుతారు.

గల్ఫ్‌లో మనోళ్లున్న ఇండ్లల్లో ఇట్లాంటప్పుడు ముందు ఏది చూస్తారు, ఎంబసీ పేజీనా, ఏజెన్సీనా? వీడియో పాతదో కొత్తదో ఫోన్‌లోనే ఎట్లా కనుక్కోవాల? అమ్మకు ఇంగ్లీషు రాదు, తెలుగులో అరవకుండా చెప్పేది ఏదైనా ఉంటే చెప్పండి.