సీరియల్‌ని యూనిక్స్‌టైమ్‌కి మార్చాక సెకండరీలు జోన్ తీసుకోవట్లేదు

జోన్‌ఫైల్_రాజా:
అందరికీ నమస్తే. మా డొమైన్‌కి ప్రైమరీ, అంటే డీఎన్ఎస్ రికార్డుల అసలు కాపీ ఉండే సర్వర్, బైండ్ సాఫ్ట్‌వేర్‌తో ఆఫీసులోనే ఉంది, దాన్నుంచి కాపీ తీసుకునే సెకండరీలు రెండు, ఒకటి మాదే ఇంకోటి బయటి హోస్టింగ్ వాళ్లది. ఇన్నాళ్లూ ఆ రికార్డులుండే జోన్ ఫైల్ చేత్తోనే ఎడిట్ చేసేవాళ్లం, దాని వెర్షన్ నంబరైన సీరియల్ తేదీ పద్ధతిలో 2025061003 అలా వేసేవాళ్లం. ఇప్పుడు టీమ్‌లో ఒకతను పైథాన్ స్క్రిప్ట్ రాశాడు, గిట్‌లో రికార్డు మారిస్తే జోన్ ఫైల్ అదే తయారుచేసి సీరియల్‌కి యూనిక్స్‌టైమ్ (1970 నుంచి లెక్కపెట్టే సెకన్లు) వేస్తుంది, ప్రస్తుతం 1749632415. ప్రైమరీని డిగ్‌తో (డీఎన్ఎస్ సర్వర్‌ని అడిగి చూసే కమాండ్) అడిగితే కొత్త రికార్డు వస్తోంది, సెకండరీలు రెండూ పాత పాటే పాడుతున్నాయి. జోన్ మారిందని సెకండరీలకి చెప్పే నోటిఫై వెళ్తోంది, కాపీ వెళ్లే 53 టీసీపీ పోర్టు ఓపెనే, రీస్టార్ట్ చేసినా ఉలుకూ పలుకూ లేదు. ఎక్కడ చూడాలి?

రాత్రి_డ్యూటీ:
మీ రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి చూడండి బ్రో. 1749632415 చిన్నది, 2025061003 పెద్దది. సెకండరీ దృష్టిలో మీరు వెనక్కి వెళ్లారు, ఇంకెందుకు తీసుకుంటుంది. మీ సెకండరీ లాగ్‌లో ప్రైమరీ ఇచ్చిన సీరియల్ మా దగ్గరున్నదానికన్నా తక్కువ అని లైను ఉంటుంది, వెతకండి.

నేమ్‌సర్వర్_బాబాయ్:
పైన చెప్పింది కరెక్టు. సీరియల్ 32 బిట్ల నంబరు, 4294967295 దాటితే మళ్లీ సున్నా నుంచి, గడియారం ముల్లులాగా. ఏది ముందు ఏది వెనక అనేది ఆర్ఎఫ్‌సీ 1982 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉంది, ఒక్కసారికి గరిష్ఠంగా 2147483647 వరకు ముందుకి దూకొచ్చు. అందుకే కిందకి దిగాలంటే పైనుంచి చుట్టి రావాలి. ముందు స్క్రిప్ట్ ఆపేయండి, లేకపోతే మధ్యలో చెడగొడుతుంది. 2025061003కి 2147483647 కలిపితే 4172544650, అది చేత్తో వేసి రీలోడ్ చేయండి. రెండు సెకండరీలనీ విడివిడిగా డిగ్‌తో అడిగి రెండింట్లోనూ అదే నంబరు కనపడ్డాకే స్క్రిప్ట్ మళ్లీ ఆన్ చేయండి, అప్పుడు యూనిక్స్‌టైమ్ వాటికి కొత్తదే అవుతుంది. ఒక్కటి మధ్య నంబరు మిస్సయినా అది మళ్లీ అక్కడే మొండికేస్తుంది. ఇంకోటి, మీ సెకండరీ మీద ముందే ఆర్ఎన్‌డీసీ రీట్రాన్స్‌ఫర్ (సీరియల్ చూడకుండా జోన్ మొత్తం మళ్లీ తెచ్చుకోమనే కమాండ్) కొట్టకండి. కొడితే అది 1749632415కి వచ్చేస్తుంది, తర్వాత మీరు వేసే 4172544650 దానికి వెనకడుగులా కనపడుతుంది, చివరికి సర్దుకుంటుంది గానీ మధ్యలో మీకు బుర్ర వేడెక్కుతుంది.

సింపుల్_సింహాద్రి:
అసలు యూనిక్స్‌టైమ్ ఎందుకండీ, సీరియల్ పెరిగితే చాలు కదా, తేదీ పద్ధతిలోనే స్క్రిప్ట్ రాయించాల్సింది. పోనీ ఉంచినా, లైవ్‌లో ఉన్న సీరియల్ అడక్కుండా గుడ్డిగా టైమ్ వేయడమే తప్పు. బైండ్ సొంత సీరియల్ అప్‌డేట్ మెథడ్‌లో కూడా యూనిక్స్‌టైమ్ పెడితే, ఉన్నది అప్పటికే పెద్దదైతే ఊరికే ఒకటి కలుపుతుంది. స్క్రిప్ట్‌లో చెక్ కావాలంటే కొత్తదాంట్లోంచి పాతది తీసేసి 4294967296తో మాడ్యులో (భాగిస్తే మిగిలే శేషం) చేయండి, 1 నుంచి 2147483647 లోపు వస్తేనే పబ్లిష్ చేయనివ్వండి. రికార్డులేవీ మారకపోతే సీరియల్ జోలికే వెళ్లొద్దు.

జోన్‌ఫైల్_రాజా:
బాబాయ్ చెప్పినట్టు చుట్టు తిప్పాను, రెండూ లైన్లోకొచ్చాయి, థాంక్యూ అండి. కానీ కొత్త సబ్‌డొమైన్ ఇంకా కొంతమందికి లేదనే వస్తోంది?

నేమ్‌సర్వర్_బాబాయ్:
ఎస్ఓఏలో, అంటే జోన్ ఫైల్లో సీరియల్ ఉండే రికార్డులో, చివరి నంబరు ఎంత పెట్టారు, 86400 సెకన్లు ఉందా? ఆర్ఎఫ్‌సీ 2308 వచ్చినప్పటి నుంచి, అంటే 1998 నుంచి, అది "లేదు" అనే జవాబుని రిజాల్వర్లు (యూజర్ల తరఫున డీఎన్ఎస్‌ని అడిగే సర్వర్లు) ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే నంబరు. ఎస్ఓఏ టీటీఎల్ (ఆ రికార్డుని దాచుకోగల సమయం), ఆ నంబరు, రెండింట్లో ఏది తక్కువైతే అది. సెకండరీలు పాత జోన్ ఇస్తున్నప్పుడు అడిగిన రిజాల్వర్లన్నీ ఆ "లేదు"ని దాచుకుని ఉంటాయి, ఈపాటికి దాచుకున్నదానికి మనం చేసేదేం లేదు, టైమ్ అయ్యేదాకా ఆగాల్సిందే. ఇకముందుకి 3600 చేయండి, సీరియల్ పెంచడం మాత్రం మర్చిపోకండి 😄