జలపాతాల లొకేషన్ పిన్ గ్రూపుల్లో పెట్టాలా, వద్దా?

అక్కయ్యపాలెం బాటసారి

మొన్న ఆదివారం నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. మీ అందరి మాటా వినాలని ఇక్కడ పెడుతున్నాను.

మూడేళ్ల క్రితం మేం తొమ్మిది మందిమి అరకు దారిలోని అనంతగిరి అవతల ఒక చిన్న జలపాతానికి వెళ్లాం. పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కి, ఘాట్‌లో ఒక చిన్న స్టేషన్లో దిగి, రెండున్నర గంటలు నడిచాం. మిరియం తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడలో కాఫీ మొక్కలు, ఆ తర్వాత చోళ్ల చేలు. దారి పక్కన పైకప్పు లేని పాత క్వార్టర్సు రెండు, గోడ పగలదీసుకుని మొలిచిన రావిచెట్టు. జలపాతం దగ్గర ఆ రోజు మేం తప్ప ఎవరూ లేరు. ఇంటికొచ్చాక మాలో ఒకరు ఫొటోలతో పాటు లొకేషన్ పిన్ కూడా పెట్టారు. అందరూ చూడాలన్న మంచి ఉద్దేశంతోనే పెట్టారు.

మొన్న మళ్లీ వెళ్లాను, ఈసారి డబ్బు కట్టి ఒక ట్రెక్కింగ్ గ్రూపుతో. మేం 46 మందిమి. మేం చేరేసరికే ఊరి చివర రెండు టెంపోలు ఆగి ఉన్నాయి. గుండంలో దిగడానికి చోటు లేదు. స్పీకర్లో పాటలు, రాళ్ల మధ్య షాంపూ నురగ, పగిలిన సీసా పెంకులు. ఒడ్డున ఒక ముసలమ్మ, ఒక చిన్నపాప రెండు స్టీలు బిందెలతో నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూడ్డానికి వచ్చారనుకున్నాను. చాలాసేపటికి కూడా కదలకపోతే దగ్గరికెళ్లి అడిగాను. "మీరు లేత్తే నీరు ముంచుకుంటాం బాబూ" అంది. బిందె మూతికి కట్టే తెల్లగుడ్డ మడతపెట్టి గుప్పిట్లో పట్టుకుని ఉంది. ఆ గుడ్డ ఇప్పటికీ నా కళ్లముందు నుంచి పోవడం లేదు.

నా ప్రతిపాదన ఇది. జీపులు, దుకాణాలు, చూసుకునే మనుషులు ఉన్న కటికి, చాపరాయి లాంటి చోట్ల గురించి ఎంతైనా రాసుకుందాం. అవి కాకుండా ఊరివాళ్లు నీళ్లు తెచ్చుకునే గెడ్డల (వాగుల) మీద ఉన్న జలపాతాలకు మాత్రం ఇక్కడెవరూ పిన్ పెట్టకూడదు. నేను వెళ్లినదాని పేరు కూడా అందుకే రాయడం లేదు.

మధురవాడ వాన

మీ బాధ అర్థమైంది అండి. ముసలమ్మ సంగతి చదివి నాకూ మనసు కలుక్కుమంది. కానీ మీ పరిష్కారం నాకు నచ్చలేదు.

పిన్ దాస్తే ఎవరికి తెలుస్తుంది? కారున్నవాళ్లకి, ఆ కొండల్లో స్నేహితులున్నవాళ్లకి, పదేళ్లుగా తిరుగుతున్నవాళ్లకి. నేను ఐటీ హిల్స్‌లో నైట్ షిఫ్టు చేస్తాను. నాకున్నది నెలకో ఆదివారం. నాలాంటి ఆడపిల్ల ఒక్కతే అడవిలోకి వెళ్లలేదు కాబట్టి డబ్బు కట్టి గ్రూపులో వెళ్తున్నాను. వెళ్లేముందు మా అమ్మకి పంపేది ఆ పిన్నే. అది లేకపోతే మా ఇంట్లో గడప దాటనివ్వరు. మీకు అది ఒక ఫొటో కింద పెట్టే చుక్క, మా అమ్మకి అది ధైర్యం.

పైగా మీరు మూడేళ్ల క్రితం చూసేశారు, మళ్లీ మొన్న చూశారు. ఇప్పుడు తలుపు వేద్దాం అంటున్నారు.

రిటైర్డ్ రైల్వే, వాల్తేరు

ఇద్దరూ పిన్ గురించే మాట్లాడుతున్నారు. ఆ పిన్ దగ్గరికి కుర్రాళ్లు ఏ దారిన వెళ్తున్నారో చూడండి. కేకే లైన్ (కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం) మీద చాలా ఏళ్లు పనిచేసినవాణ్ని, అందుకే చెబుతున్నాను.

ఆ లైన్ వేసింది 1960ల్లో. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా ఇనుప ఖనిజాన్ని మన విశాఖ పోర్టుకి దించడానికి వేశారు, విహారానికి కాదు. కొత్తవలస నుంచి దాదాపు 1000 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ దాకా ఎక్కుతుంది. దారి పొడవునా సొరంగాలే. మ్యాప్‌లో చూస్తే జలపాతానికి పట్టాల వెంట నడవడమే దగ్గర దారిలా కనిపిస్తుంది. ఖనిజం నింపుకుని దిగే గూడ్సు చప్పుడు ఆ మలుపుల్లో దగ్గరికొచ్చేదాకా వినపడదు. బ్రేకు వేసినా అంత బరువు అక్కడికక్కడ ఆగదు. ఒకసారి సొరంగం నుంచి బండి బయటికి రాగానే వెనకాల ఆరుగురు పిల్లలు గోడకి అంటుకుని నిలబడి కనిపించారు. ఒకడి చేతిలో ఫోన్ ఇంకా వీడియో తీస్తూనే ఉంది. నాకు కాళ్లు వణికాయి, వాళ్లు చేతులు ఊపారు. రైల్వే చట్టం 147 సెక్షన్ కింద పట్టాల మీద నడిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా మాట అటుంచండి, తల్లిదండ్రులకి ఎవరు చెబుతారు?

దారి రాయకుండా పిన్ ఒక్కటే పెట్టడం తప్పు. పెడితే ఎక్కడ దిగాలి, ఏ ఊరి మీదుగా వెళ్లాలి, ఎటు వెళ్లకూడదు అన్నీ రాయాలి. రాయలేనప్పుడు పెట్టొద్దు.

సీతమ్మధార గ్రూప్ లీడ్

నేను ఇలాంటి నడకలు నడిపిస్తాను, కాబట్టి నా మీద కోపం ఉన్నవాళ్లు ఉండొచ్చు. ముందుగా ఒక మాట: 46 మందిని ఒక గెడ్డకి తీసుకెళ్లడం తప్పే. ఎవరు చేసినా తప్పే. నేను 15 మందికి మించి తీసుకెళ్లను. ముందొకరు, చివరన ఒకరు తెలిసినవాళ్లు ఉంటేనే బయల్దేరతాను.

కానీ లొకేషన్ దాచడం ప్రమాదం. పోయిన వానాకాలం మా గ్రూపులో ఒకాయన నాచు పట్టిన బండ మీద జారి మడమ విరగ్గొట్టుకున్నాడు. అక్కడ సిగ్నల్ లేదు. గంటన్నర పైకి నడిచి 108కి ఫోన్ చేస్తే, "ఎక్కడ?" అన్నది వాళ్ల మొదటి ప్రశ్న. పిన్ పంపగలిగాను కాబట్టి బండి కింద రోడ్డు దాకా వచ్చింది. అక్కడిదాకా ఆయన్ని మోసింది మాత్రం ఊరి కుర్రాళ్లే, రెండు వెదురుబొంగులకి దుప్పటి కట్టి. జాగా పేరే రహస్యమైతే ఆ రోజు నేనేం చెప్పేవాణ్ని?

అక్కయ్యపాలెం బాటసారి

మేడమ్, మీ అమ్మగారికి పంపే పిన్ నేను వద్దనలేదు. 108కి పంపేదీ వద్దనలేదు. వేలమంది చూసే చోట పెట్టేదాని గురించే నా మాట. ఈ రెండింటికీ తేడా ఉంది. "మీరు చూసేశారు, ఇప్పుడు తలుపు వేస్తున్నారు" అన్న మాట మాత్రం నాకు గట్టిగా తగిలింది, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంకొకటి. బొర్రా వైపు గెడ్డలు గోస్తనిలో కలుస్తాయి. కటికి జలపాతం గోస్తనిదే, బొర్రా గుహల్లోంచి పారేదీ గోస్తనే. అది కిందకొచ్చి తాటిపూడి రిజర్వాయరులో నిలుస్తుంది. మన నగరానికి తాగునీరు వచ్చే చోట్లలో తాటిపూడి ఒకటి. మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మనం పైన కడిగిన షాంపూ మన కుళాయి వైపే వస్తుంది. ముసలమ్మ బిందె, మా అక్కయ్యపాలెం ట్యాంకు వేరు వేరు కాదు.

భీమిలి బీచ్ రోడ్

అడవి గురించి నాకు అంత తెలియదు, పాడుబడ్డ చోట్ల గురించి చెబుతాను. "ఎవరికీ తెలియకపోతే పాడవదు" అన్నది నేను ఒప్పుకోను.

మన తొట్లకొండ బౌద్ధక్షేత్రాన్నే తీసుకోండి. 1970ల్లో నేవీ వాళ్ల ఏరియల్ సర్వేలో బయటపడింది. తర్వాత తవ్వకాలు జరిగాయి, స్తూపం, విహారం, రాతిలో తొలిచిన నీటి తొట్లు వెలుగులోకి వచ్చాయి. ఆ తొట్ల వల్లే దానికి ఆ పేరు. తెలిసింది కాబట్టే ఇప్పుడు దానికి కంచె, కాపలా ఉన్నాయి, కొండని ఎవరైనా ముట్టుకుంటే ఊరంతా గొంతెత్తుతోంది. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండలో కనుమ రోజున బొజ్జలా ఉన్న రాతిని రాక్షసుడనుకుని జనం రాళ్లు విసిరే ఆచారం ఉండేది. అది బౌద్ధక్షేత్రమని తెలిసినవాళ్లు ఏళ్లపాటు వచ్చి చెప్పగా చెప్పగా ఆగింది. దాచి ఉంటే ఆగేదా?

అయితే మా భీమిలిలో డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి రండి. 17వ శతాబ్దం నాటి రాళ్లవి. వాటి పక్కన చిప్స్ ప్యాకెట్లు నేనే ఏరాను. కాబట్టి తెలియడం ఒక్కటే చాలదు. ఎవరో ఒకరు "ఇది మాది" అనుకోవాలి.

కొండకింద ఊరు

అన్నా, అక్కా, ఇప్పటిదాకా అందరిదీ చదివాను. నాది అనంతగిరి మండలం. గాజువాకలో ఫ్యాబ్రికేషన్ షాపులో పనిచేస్తున్నాను. బాటసారి అన్న పేరు రాయకపోయినా ఆ రెండు క్వార్టర్సు, రావిచెట్టు అనేసరికి నాకు ఊరు తెలిసిపోయింది. మా పిన్నిగారి ఊరు.

పిన్ పెట్టాలా వద్దా అని మీరు మీరే వాదించుకుంటున్నారు. ఊరిని అడిగారా? మాది రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద ఉన్న గిరిజన ప్రాంతం. ఇలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం పెసా చట్టం 1996లో వచ్చింది, మా నేల, నీరు, అడవి సంగతుల్లో గ్రామసభ మాటకి విలువ ఉందని అందులోనే రాశారు. మరుసటి ఏడాది, సమత అనే సంస్థ వేసిన కేసులో, గిరిజనేతరులకి ఇచ్చిన గనుల లీజులు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గొడవ మొదలైంది మా బొర్రా చుట్టుపక్కల ఊళ్లలోనే. గనుల కోసం మా పెద్దవాళ్లు అంత కొట్లాడారు. జలపాతానికి మాత్రం ఎవరైనా ఎప్పుడైనా వచ్చేయొచ్చన్నట్టు వస్తున్నారు.

మేం రావొద్దనడం లేదు. నిజం చెబుతున్నాను, డబ్బు అక్కర్లేని ఇల్లు మా దగ్గర లేదు. బొర్రా నుంచి కటికికి జీపులు నడుపుకుని బతికేవాళ్లు ఉన్నారు. బొంగులో చికెన్, జొన్నపొత్తులు అమ్ముకునేవాళ్లు ఉన్నారు. కానీ 46 మంది వచ్చి, విశాఖలోనే బిర్యానీ పొట్లాలు కట్టించుకుని, విశాఖలోనే నీళ్ల సీసాలు కొనుక్కుని వస్తే మాకు మిగిలేది ఖాళీ సీసాలే. మీరు గ్రూపుకి కట్టిన డబ్బులో మా ఊళ్లో ఎవరికైనా వంద రూపాయలు అందిందా? ఒక్కసారి అడగండి.

ఇంకో సంగతి, చాలా ముఖ్యం. ఆ క్వార్టర్సు వెనక ఒక పాత బావి ఉంది. గట్టు కూలిపోయింది. వానాకాలంలో పొదలు కమ్మేస్తాయి, అడుగు పెట్టేదాకా కనపడదు. మా బాబాయి మేక అందులోనే పడింది. పిన్‌లో బావి కనపడదు. గెడ్డ కూడా అంతే. పైన కొండ మీద వాన పడితే కింద మీకు ఎండే ఉంటుంది. నీళ్లు ఎర్రబడి, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చాయంటే సెల్ఫీ సగంలో ఆపి ఒడ్డెక్కాలి. ఇవన్నీ మా ఊరి కుర్రాడు పక్కనుంటే చెబుతాడు.

మధురవాడ వాన

తమ్ముడూ, బావి సంగతి చదివి గుండె ఝల్లుమంది. పోయిన నెల అలాంటి గోడల మధ్యే ఫొటోలు దిగాను, ఎక్కడో రాయను.

గైడుకి డబ్బు ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. కంబాలకొండకి వెళ్తే టికెట్ తీసుకుని, ఫారెస్టువాళ్లు చెప్పిన దారిలోనే నడుస్తాం కదా, ఎవరూ ఏమీ అనుకోరు. మీ ఊళ్లో ఎవరిని అడగాలో తెలియకే అడగలేదు. ఆ ఒక్క సమాచారం ఎక్కడా దొరకదు. పిన్ మాత్రం వంద చోట్ల దొరుకుతుంది.

సీతమ్మధార గ్రూప్ లీడ్

ఆ వంద రూపాయల ప్రశ్న నాకూ వర్తిస్తుంది. ఇప్పటిదాకా జీపుకి ఇచ్చాను, భోజనానికి ఇచ్చాను, గైడు అని విడిగా ఎవరినీ పెట్టుకోలేదు. దారి నాకు తెలుసు కదా అనుకున్నాను. మడమ విరిగినాయన్ని మోసిన కుర్రాళ్లకి ఇస్తే తీసుకోలేదు. దానితో నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను, తీరలేదు. వచ్చే నడక నుంచి ఇద్దరు ఊరివాళ్లు లేకుండా బయల్దేరను.

రిటైర్డ్ రైల్వే, వాల్తేరు

బాబూ కొండకింద ఊరు, ఆ బావికి నాలుగు కర్రలు పాతి ముళ్లకంప అయినా కట్టించండి. సామాను ఖర్చు నేను పెట్టుకుంటాను.

అక్కయ్యపాలెం బాటసారి

నా ప్రతిపాదన మార్చుకుంటున్నాను. పిన్ వద్దు అన్నచోట, ఊరిని అడగకుండా పిన్ వద్దు అని చదువుకోండి. మూడేళ్ల క్రితం పెట్టినదాన్ని తీసేయమని మా స్నేహితుణ్ని అడిగాను, తీసేశాడు. అది ఇంకెన్ని చోట్లకి పాకిందో, దానికి మాత్రం ఏమీ చేయలేను.

తమ్ముడూ, వచ్చే ఆదివారం మేం నలుగురం గోనెసంచులు, చేతి తొడుగులు పట్టుకుని వద్దామనుకుంటున్నాం. ఆ పెంకులు ఏరాలి. రావొచ్చా? ఎవరిని కలవాలి?

కొండకింద ఊరు

పిన్నికి ఫోన్ చేశాను అన్నా. రమ్మంది. తొమ్మిది దాటాక గెడ్డ దగ్గరికి వెళ్లమంది, ఈలోగా ఆడవాళ్లు నీళ్లు పట్టుకుని వెళ్లిపోతారు. పెంకులు గుండంలో ఎడమవైపు పెద్దబండ కింద ఎక్కువగా ఉన్నాయట, మొన్న ఒక పిల్ల కాలు తెగింది, చెప్పులు విప్పొద్దంది. మధ్యాహ్నం చోడి అంబలి, కోడికూర వాళ్లింట్లోనే. దానికి డబ్బు ఇస్తామంటే ఆవిడ ఒప్పుకోదు, బియ్యం తీసుకెళ్లండి. నేను శనివారం రాత్రే వెళ్లి కర్రలు కొట్టి ఉంచుతాను. బావి దగ్గర కలుద్దాం.