కన్సల్టెన్సీ కంపెనీ పేరు మీద కారు: కమర్షియల్ పాలసీ తప్పనిసరా?

సైట్_విజిట్:
హైదరాబాద్‌లో చిన్న స్ట్రక్చరల్ కన్సల్టెన్సీ, ప్రైవేట్ లిమిటెడ్, నలుగురు ఇంజనీర్లు. నా పేరున ఉన్న 1,197 సీసీ పెట్రోల్ కారుని కంపెనీ పేరు మీదికి మారుస్తున్నాం. సంగారెడ్డి, షాద్‌నగర్ సైట్లకి స్టాఫే నడుపుకుంటూ వెళ్తారు. కంపెనీ బండి కాబట్టి కమర్షియల్ పాలసీయే తీసుకోవాలంటున్నాడు ఏజెంట్. నిజమేనా? నా 50 శాతం ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) సంగతేంటి?

తెల్లప్లేటు:
అక్కర్లేదండీ. ఓనర్ కంపెనీ అయినంత మాత్రాన బండి కమర్షియల్ అయిపోదు. తెల్ల ప్లేటు మీద ఉన్నంతకాలం ప్రైవేట్ కార్ పాలసీయే. పాలసీలో ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ అనే పేరా చదవండి. కిరాయికి తిప్పడం, సరుకు రవాణా (శాంపిళ్లు, సొంత లగేజీ పర్వాలేదు), రేసులు, మోటార్ ట్రేడ్ (బండ్ల వ్యాపారం) తప్ప ఏ పనికైనా వాడుకోవచ్చు. థర్డ్ పార్టీ ప్రీమియం కూడా ఓనర్ని బట్టి మారదు: 1000–1500 సీసీకి 2022 జూన్‌లో ఖరారైన రేటు 3,416 రూపాయలు, జీఎస్టీ అదనం.

ఒక్క జాగ్రత్త. క్లయింటుకిచ్చే బిల్లులో ‘కారు అద్దె’ అని ఎప్పుడూ రాయకండి. క్లెయిమ్ వచ్చినప్పుడు కిరాయికి తిప్పారని వాదించడానికి ఆ ముక్క చాలు. ప్రయాణ ఖర్చులు అని రాస్తే సరిపోతుంది.

క్లెయిమ్స్_డెస్క్:
అసలు చిక్కు ఇంకోచోట ఉంది, ఏజెంట్లు దాన్ని చెప్పరు. ప్యాకేజీ పాలసీలో (థర్డ్ పార్టీతో పాటు సొంత బండి నష్టానికీ కవర్ ఉండేది) కారులో కూర్చున్నవాళ్లకి కవర్ ఉంటుంది గానీ, ఇన్సూర్డ్ (పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్లు) దగ్గర పనిచేసే ఉద్యోగి డ్యూటీలో ఉండగా గాయపడితే చట్టం తప్పనిసరి చేసిన మేరకే తప్ప వర్తించదు. ఇప్పటిదాకా ఇన్సూర్డ్ మీరు. రేపట్నుంచి కంపెనీ. అంటే మీ కారెక్కే ఇంజనీర్లందరూ ఆ మినహాయింపు కిందికే వస్తారు. దీనికే ఐఎంటీ (ఇండియా మోటార్ టారిఫ్) 29 ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసే అదనపు షరతు, ఉంది. టారిఫ్ ప్రకారం ఉద్యోగికి 50 రూపాయలు. డ్రైవర్ని పెట్టుకుంటే ఐఎంటీ 28 వేరే. షెడ్యూల్లో ఈ నంబర్లు అచ్చయ్యాయో లేదో చూసుకోండి, నోటిమాట నమ్మొద్దు.

15 లక్షల ఓనర్-డ్రైవర్ పీఏ (పర్సనల్ యాక్సిడెంట్) కవర్ వ్యక్తులకే, కంపెనీకి ఇవ్వరు. పాత పాలసీ నుంచి అలవాటుగా ఆ ప్రీమియం వేసేస్తే తీయించండి. దాని బదులు స్టాఫ్‌కి గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. ఐఎంటీ 16 కింద ప్యాసింజర్లకి మనిషికి 2 లక్షలకి మించి రాదు.

తెల్లప్లేటు:
ఎన్‌సీబీ బండిది కాదు, మనిషిది. కంపెనీకి సున్నా నుంచి మొదలు. పాలసీ మధ్యలో పేరు మారిస్తే మిగిలిన కాలానికి ఆ తేడా కట్టించుకుంటారు, కాబట్టి రెన్యూవల్ దగ్గర పడేదాకా ఆగగలిగితే మేలు. మీ పాత ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర ఎన్‌సీబీ లెటర్ తీసుకోండి. 3 ఏళ్లలోపు మీ పేరున కొనే కారుకి పనికొస్తుంది. ఆర్టీవోలో ఓనర్ మార్పుకి ఫారం 29, 30 పెట్టాక ఇన్సూరెన్స్ పేరుమార్పుకి గడువు 14 రోజులే. అది దాటాక బండి దెబ్బతింటే, ఆర్సీ కంపెనీ పేరున, పాలసీ మీ పేరున ఉందని ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) క్లెయిమ్ కొట్టేస్తారు.

ప్రీమియం మీద కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకోవచ్చని ఆశ పెట్టుకోకండి. డ్రైవర్‌తో కలిపి 13 సీట్ల దాకా ఉన్న బండి ఇన్సూరెన్స్‌కి జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) అడ్డం.

సైట్_విజిట్:
థాంక్సండీ. డిక్కీలో టోటల్ స్టేషన్ (సర్వే కొలతల పరికరం) ఉంటుంది. పోతే ఇదే పాలసీలో వస్తుందా?

క్లెయిమ్స్_డెస్క్:
రాదు. ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీలో పోర్టబుల్ కవర్ అడిగి, సీరియల్ నంబర్ రాయించండి. కారులోంచి పోయిన కేసుల్లో తాళమో అద్దమో పగలగొట్టిన ఆనవాళ్లు అడుగుతారు, ఆ షరతు ముందే చదువుకోండి.